భాష తెలియనోళ్ళకు, చదువు రానోళ్ళకు ఆసుపత్రి బోర్డులు: ఏ గుర్తులు పెట్టాలె?

కుంచెపని (ఆదిలాబాద్ దిక్కు)

అందరికీ నమస్తే. నాది బోర్డులు రాసే పని. చానా ఏండ్లు కుంచెతోని రాసిన, ఇప్పుడు వినైల్ ప్రింట్ కొడుతున్న. మా దిక్కు ఒక ఆసుపత్రికి లోపల దారి చూపే బోర్డులు చెయ్యమన్నరు. ఇప్పుడున్నవి తెలుగు, ఇంగ్లీషుల ఉన్నయి. వచ్చేటోళ్ళు మాత్రం గోండి మాట్లాడేటోళ్ళు, లంబాడోళ్ళు, ఉర్దూ వాళ్ళు, పెన్‌గంగ అవతలి నుంచి మరాఠీ వాళ్ళు. అన్ని భాషలు రాస్తే బోర్డు గోడంత అయితది. రాసినా చదువు రానోళ్ళకు ఫాయిదా లేదు. అందుకే బొమ్మలు పెడదామని నేనే అడిగిన, పెద్ద డాక్టరు సారు సరే అన్నడు.

మొత్తం 14 జాగలు. ఓపీ చీటీ, రక్త పరీక్ష, ఎక్స్‌రే, కిడ్నీ, గుండె, కాన్పుల వార్డు, పిల్లల వార్డు, మందుల కౌంటర్, గట్లనే మిగిలినయి. నెట్‌ల దొరికిన గుర్తులు ప్రింట్ తీసి ముందుగాల మా అమ్మకు చూపిచ్చిన. కిడ్నీ బొమ్మ చూసి "జీడిపప్పు" అన్నది. చాయ్ హోటలాయనకు ఎక్స్‌రే గుర్తు, అదే చెయ్యి ఎముకల బొమ్మ, చూపిస్తే "శవాల గది" అన్నడు. పైకి ఉన్న బాణం గుర్తు చూసి ఇద్దరూ "మేడ మీదికి పోవాలె" అన్నరు. నేను "నేరుగ పో" అనుకొని పెట్టిన.

ఏ భాషోళ్ళకైనా అర్థమయ్యే గుర్తుల సెట్టు ఎక్కడన్న ఉన్నదా? తెలిసినోళ్ళు చెప్పాలె.

దూరదేశి (డల్లాస్)

ఉంది, అన్నా. అమెరికా రవాణా శాఖ, ఏఐజీఏ అనే డిజైనర్ల సంఘం కలిసి 1974లో 34 గుర్తులు తయారు చేయించాయి. గీసింది కుక్, షనోస్కీల సంస్థ. 1979లో ఇంకో 16 కలిపి 50 చేశారు. విమానాశ్రయాల్లో కనిపించే మరుగుదొడ్డి, సామాను, టెలిఫోన్ బొమ్మలన్నీ అక్కడివే. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆసుపత్రులకు వేరే సెట్టు ఉంది. ఇక్కడ స్పానిష్ మాట్లాడే రోగులు బోర్డులు చదవలేక ఇబ్బంది పడుతుంటే "ఆబ్లామోస్ హుంతోస్" అనే ప్రాజెక్టు వాళ్ళు ఆసుపత్రి గుర్తులు ప్రత్యేకంగా గీయించారు. అవి దించుకోండి, మీ పని అయిపోతుంది.

నల్లరేగడి (గుంటూరు జిల్లా)

దూరదేశి గారూ, పని అంత తేలిగ్గా అయిపోదండీ. మా పత్తి చేలల్లో ఏళ్ళ తరబడి చూసిన సంగతి చెబుతాను.

పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. 1971 నాటి కీటకనాశిని నియమాల ప్రకారం పెట్టేది. కింది సగంలో రంగు: ఎరుపు అయితే అతి తీవ్రమైన విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. పై సగంలో హెచ్చరిక. పుర్రె, ఎముకల బొమ్మ ఎర్ర డబ్బాకే ఉంటుంది. పసుపు దాని మీద "విషం" అన్న మాట ఉంటుంది కానీ పుర్రె ఉండదు.

గీసిన వాళ్ళ లెక్క బాగానే ఉంది. చేలో లెక్క వేరు. ఆకుపచ్చ అంటే "పైరుకు మంచిది" అనుకునేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. నీలం అంటే కంపెనీ రంగు అనుకుంటారు. ఎరుపు చూసి "ఘాటైన మందు, పురుగు బాగా చస్తుంది" అని అదే అడిగి తీసుకున్న వాళ్ళను నా కళ్ళతో చూశాను. భయపెట్టడానికి పెట్టిన రంగు వాళ్ళకు నాణ్యత గుర్తైపోయింది. పుర్రె లేదు కదా అని పసుపు డబ్బా మందును ఒట్టి చేత్తో కలిపిన మా బాబాయి నాలుగు రోజులు మంచం దిగలేదు. కాబట్టి ఎక్కడో తయారైన సెట్టు దించుకుని గోడకు అంటించొద్దని నా మనవి.

మందులచీటీ (కర్నూలు)

నేను మందుల షాపులో ఫార్మసిస్టును. నల్లరేగడి అన్న చెప్పింది అక్షరాలా నిజం.

చదువు రాని పెద్దవాళ్ళకు ఎప్పుడు మింగాలో తెలియడానికి కవరు మీద బొమ్మ వేసిచ్చేదాన్ని. పొద్దున్నకు కొండ మీద సూర్యుడు, రాత్రికి నెలవంక. ఒక అవ్వ మాత్రలు సాయంత్రం మింగింది. ఎందుకవ్వా అంటే "పొద్దు గూకుతాండాది గదమ్మా బొమ్మలో" అనింది. ఆమె తప్పేం లేదు. ఉదయించే సూర్యుడు, అస్తమించే సూర్యుడు గీతలో ఒకటే.

అట్లయితే పొద్దున్నకు కోడిపుంజు వేద్దామనుకున్నా. కోడి కూస్తే తెల్లారినట్లే కదా. ఆ కవరు తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు కోడి కూర మానేశారు, పత్యం అనుకుని! మందు కవరు మీద కోడి కనపడితే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పత్యమే అని నాకు తట్టకపోయె. ఇప్పుడు పొద్దున్నకు పళ్ళు తోముకునే మనిషిని వేస్తాన్నా. ఇంతవరకు ఎవరూ తప్పు పోలేదు.

కొత్తసభ్యుడు (విజయనగరం)

మందుల కౌంటర్‌కి ఎర్ర ప్లస్ పెట్టేస్తే సరిపోదా? అది అందరికీ తెలుసు.

బొమ్మలబడి (హైదరాబాద్)

అది పెట్టకూడదండీ. తెల్లటి నేల మీద ఎర్ర క్రాస్ యుద్ధరంగంలో వైద్య సేవకులను కాపాడే చిహ్నం. 1864 జెనీవా ఒప్పందం నుంచి వస్తోంది. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కింద అనుమతి లేకుండా వాడటం నేరం. డాక్టర్ల కార్ల మీద, షాపుల మీద కనిపిస్తుంది కానీ అది తప్పు.

ఆ గుర్తు కూడా అందరిదీ కాలేకపోయింది. క్రాస్‌లో మతం కనబడి 1870లలోనే ఆటోమన్ తుర్కులు దాని బదులు ఎర్ర నెలవంక వాడారు. చివరికి ఏ మతాన్నీ గుర్తు చెయ్యని ఎర్ర స్ఫటికాన్ని, అంటే మూల మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రాన్ని, 2005 డిసెంబరులో ఒప్పుకున్నారు. రెండు గీతల గుర్తుకే ఇంత చరిత్ర.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను డిజైన్ పాఠాలు చెబుతాను. బొమ్మలతో భాషల గోడ దాటాలన్న ఆలోచనను పెద్ద ఎత్తున నడిపించింది వియన్నాలో ఒట్టో నాయరాత్. 1925లో అక్కడ మ్యూజియం పెట్టి, జనాభా, ఇళ్ళు, జబ్బుల లెక్కలను మామూలు కార్మికులకు బొమ్మల్లో చూపించాడు. బొమ్మలు గీసింది గెర్డ్ అర్న్‌ట్జ్. తర్వాత దానికి ఐసోటైప్ అని పేరొచ్చింది. ఈ రోజు మనం చూసే తల గుండ్రంగా, ఒళ్ళు దిమ్మెలా ఉండే మనిషి బొమ్మ ఆ వంశానిదే.

అయితే గీసినవాడికి అర్థమైంది కాబట్టి అందరికీ అర్థమవుతుందని నమ్మడం పెద్ద పొరపాటు. అందుకే పరీక్షలు పుట్టాయి. బొమ్మ చూపించి "ఇదేంటి?" అని అడుగుతారు, జవాబు అందించరు. అంతర్జాతీయ ప్రమాణాల్లో నూటికి 67 మంది సరిగ్గా చెప్పాలన్న లెక్క ఉండేది. అమెరికాలో భద్రతా గుర్తులకు 85 మంది చెప్పాలి. దానికి ఇంకో షరతు ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే: అర్థాన్ని తలకిందులుగా తీసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునే వాళ్ళు నూటికి 5 మందికి మించకూడదు. "తెలియదు" అన్నవాడు ఇంకొకరిని అడుగుతాడు. తప్పుగా తెలిసినవాడు అడగడు. కుంచెపని గారూ, మీ చాయ్ హోటలాయన "శవాల గది" అన్నది ఈ కోవలోకే వస్తుంది. ఆ బొమ్మ చూసిన తల్లి బిడ్డను లోపలికి తీసుకెళ్తుందా?

ఎక్స్‌రే గది తలుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు కూడా ఉండే ఉంటుంది. అది 1946లో బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టింది. చెబితే తప్ప అందులో ప్రమాదం కనబడదు. 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కలిసి ఇంకో గుర్తు తెచ్చాయి: ఎర్ర త్రికోణంలో పైనుంచి కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి. మన దేశంతో సహా 11 దేశాల్లో 1,650 మందికి చూపించి ఎంపిక చేశారు. అది గది తలుపుకు పెట్టేది కాదు. ప్రమాదకరమైన పరికరాన్ని ఎవరైనా విప్పబోతే లోపల కనిపించేలా పెట్టేది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న పాత యంత్రాన్ని విప్పి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. అటువంటి చోట, ఆ చేతుల కోసం గీసిన బొమ్మ అది.

కుంచెపని

సార్, తలుపు మీద ఆ మూడు రెక్కల గుర్తు ఉన్నది. నిన్న పోయి అక్కడ కూసున్న ముసలాయనను అడిగిన. "లోపల ఫ్యాను ఉన్నది, చల్లగుంటది" అన్నడు. నాకు నిద్ర పట్టలేదు.

దూరదేశి

అందరి మాటా విన్నాను, తొందరపడి "పని అయిపోతుంది" అన్నందుకు మన్నించండి. కానీ నా వాదన పూర్తిగా వదులుకోను. గుర్తులు చాలావరకు నేర్చుకునేవే. జపాన్‌లో 1972లో ఒసాకా, 1973లో కుమమోతో డిపార్ట్‌మెంట్ స్టోర్లలో మంటలు చెలరేగి ఒక్కోచోట వందకు పైగా చనిపోయారు. ఆ తర్వాతే పోటీ పెట్టి, వచ్చిన బొమ్మను యుకియో ఓటా బృందంతో సరిదిద్దించి, తలుపులోంచి పరుగెత్తే ఆకుపచ్చ మనిషిని ఖాయం చేశారు. 1980లలో అది అంతర్జాతీయ ప్రమాణంలోకి వచ్చింది. మొదటిరోజే అందరికీ తెలిసిపోలేదు. అన్నిచోట్లా ఒకటే ఉండబట్టి తెలిసింది. ఒక్కో ఆసుపత్రి ఒక్కో బొమ్మ గీసుకుంటే రోగి ప్రతిచోటా మొదటి నుంచి నేర్చుకోవాలి కదా? అత్యవసర ద్వారం, మరుగుదొడ్డి, నిప్పు ఆర్పే సిలిండరు, వీటి జోలికి పోకండి, అన్నా. ప్రమాణంగా ఉన్నవే పెట్టండి.

వాడకట్టు (జగిత్యాల)

బడిపంతులుగ చేసి రిటైరైన. ఎన్నికల డ్యూటీలు లెక్కలేనన్ని చేసిన. మీరందరు వియన్నా, జపాన్ చెప్పిండ్రు, మంచిదే. కని గుర్తుల సంగతిల మన దేశం చేసినంత పెద్ద పని ఇంకెవరు చేసిండ్రు?

1951లో చదువు వచ్చినోళ్ళు నూటికి 18 మందే. 1951-52 మొదటి ఎన్నికలల్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించిండ్రు. అప్పటి నుంచి ఎన్నికల సంఘంల ఎం.ఎస్. సేథీ అనే ఆయన పెన్సిలుతోని గుర్తులు గీస్తుండె. 1992ల రిటైరైండు. ఆయన గీసిన బొమ్మలే ఇప్పటికీ నడుస్తున్నయి. ఏం గీసిండు? నాగలి, గొడుగు, నిచ్చెన, తాళం చెయ్యి, కుట్టు మిషను.

ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. గొడుగు గుర్తుకూ ఆ అభ్యర్థికీ ఏమన్న సంబంధం ఉన్నదా? ఏం లేదు. గుర్తు అర్థం చెప్పదు. గుర్తుకు పేరు ఉంటది, అంతే. తెలుగోడు గొడుగు అంటడు, మరాఠీ ఆయన ఛత్రీ అంటడు, ఇంకొకరు వాళ్ళ భాషల ఇంకోటి అంటరు. బొమ్మ చూస్తే ముగ్గురి నోటికీ పేరొస్తది. నోటికి పేరొచ్చిన గుర్తు ఊరంత తిరుగుతది. "గొడుగు కాడికి పో" అని చెప్పొచ్చు. కిడ్నీ బొమ్మకు ఏం పేరు చెప్తరు?

అందుకే కుంచెపని తమ్మీ, కిడ్నీని కిడ్నీ లెక్క గీసుడు బందు పెట్టు. ఆ జాగకు ఒక గుర్తు ఇయ్యి. ఓపీ చీటీ రాసేటాయన చీటీ మీద అదే గుర్తు ముద్ర కొట్టాలె. చేతిల ఉన్నదీ గోడ మీదిదీ ఒకటే అయితే చాలు, అర్థం తెలువకపోయినా మనిషి తొవ్వ తప్పడు.

ఒక్క జాగ్రత్త. రెండు గుర్తులు ఒక్క తీరుగ ఉండొద్దు. కారు, రోడ్డు రోలరు ఒక తీరుగ కనబడుతున్నయని మన రాష్ట్రంలనే పెద్ద పంచాయితి అయింది, సుప్రీంకోర్టు దాక పోయింది. రంగు లేకుంట, చిన్న సైజుల, నల్ల సిరతోని అచ్చు కొట్టి దూరం నుంచి చూసుకో.

బొమ్మలబడి

వాడకట్టు గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. మేం క్లాసులో "బొమ్మ దాని అర్థం తానే చెప్పాలి" అని మొదలుపెడతాం. మీరు దాన్ని పక్కకు తీసి "బొమ్మకు పేరు ఉండాలి" అన్నారు. ఇది బడిలో చెప్పాల్సిన మాట.

సరిగ్గా ఇలాగే నడిచిన చోటు ఇంకొకటి మెక్సికో సిటీ మెట్రో. 1969లో మొదలైనప్పుడు లాన్స్ వైమన్ స్టేషన్ స్టేషన్‌కూ ఒక గుర్తు గీశాడు. చపుల్తెపెక్ స్టేషన్‌కు మిడత, ఎందుకంటే ఆ పేరుకు అక్కడి నావాట్ల్ భాషలో మిడతల గుట్ట అని అర్థం. చదువు రానివాళ్ళు కూడా బొమ్మను బట్టి దిగే చోటు చెప్పుకోగలరు.

కాబట్టి కుంచెపని గారూ, మీ 14 చోట్లను రెండుగా విడదీయండి. మరుగుదొడ్డి, మంచినీళ్ళు, అత్యవసర ద్వారం, ప్రమాదం, ఇవి దూరదేశి గారన్నట్టు అందరూ వాడేవే ఉండాలి. ఆపదలో పరుగెత్తే మనిషి చేతిలో చీటీ ఉండదు. మిగిలిన విభాగాలకు పేరు పెట్టగల గుర్తులు. బాణం తిప్పలు కూడా చాలావరకు పోతాయి. మలుపు మలుపుకూ అదే గుర్తు కనిపిస్తే దాని వెంట నడుస్తారు.

నల్లరేగడి

గుర్తులు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కుందండీ. సైకిలు, ఫ్యాను, కారు, చెయ్యి, గాజు గ్లాసు, కమలం, గాలిపటం, అన్నీ పార్టీలవే. గుండె జబ్బులకు ఒక పార్టీ గుర్తు పెడితే మొదటివారంలోనే గొడవ. ఎన్నికలొస్తే ముసుగు వెయ్యమంటారు.

జంతువులు, పక్షులు మేలు. జంతు ప్రేమికుల అభ్యంతరాల తర్వాత ఎన్నికల సంఘం కొత్తగా జంతువుల గుర్తులివ్వడం మానేసింది. ఏనుగు, సింహం వంటి పాతవి మిగిలాయి, వాటిని వదిలెయ్యండి. గుడ్లగూబ, కాకి ఆసుపత్రిలో వద్దు. తాబేలు ఇంట్లోకి వస్తే మంచిది కాదనే పెద్దవాళ్ళున్నారు, అదీ వద్దు. చేప పెడితే మందులచీటీ గారు చెప్పిన పత్యం గొడవే.

రంగు గీతలు వేసి "పచ్చ గీత వెంట వెళ్ళండి" అని మాత్రం చెప్పించకండి. పచ్చ కామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. ఒకే భాషలోనే ఇద్దరు రెండు గీతలు పట్టుకుపోతారు.

మందులచీటీ

రంగు సంగతికి ఒక మాట కలుపుతా. ఆహార పొట్లాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేది కదా. రంగులు తేడా తెలియని కళ్ళకు రెండూ ఒకటే. తర్వాత ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు మాంసాహారానికి చుక్క తీసేసి త్రికోణం చేశారు. ఆకారం మారితేనే తేడా.

ఇంకొకటి. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గౌను వేసుకున్న బొమ్మ పెట్టొద్దన్నా. మా వైపు ఒక పెద్దామె దాన్ని పొడుగు లాల్చీ వేసుకున్న మగమనిషి అనుకుని బయటే నిలబడింది, ఎంతసేపో. బొట్టు, కొప్పు ఉన్న ముఖం పెడుతుంటారు, కానీ బొట్టు పెట్టుకోని వాళ్ళు మీ దగ్గర బాగా వస్తారంటిరి. చీర కొంగు తలమీద కప్పుకున్న మనిషిని నిలువుగా వేసి చూడండి. కొంగైనా దుపట్టా అయినా అట్లే కనిపిస్తుంది.

కుంచెపని (మూడు వారాల తర్వాత)

అందరికీ దండాలు. మీరు చెప్పినయి అన్నీ రాసుకొని ఆసుపత్రి వరండాల కూసొని చూపిచ్చిన, సోమవారం ఓపీ లైన్ల. బొమ్మలబడి సార్ చెప్పినట్టే "ఇదేంది?" అని తప్ప ఏం అడగలేదు. గోండి వచ్చిన నర్సమ్మ ఒకామె నా పక్కన కూసొని సాయం చేసింది.

కుందేలు, జింక, చిలుక, కోతి అందరికీ ఎరుకే. ఎవరి భాషల వాళ్ళు టక్కున చెప్పిండ్రు. కుక్క బొమ్మ మాత్రం వాడకట్టు సార్ చెప్పిన తీరుకు ఉల్టా అయింది. దాన్ని ఒట్టి గుర్తు లెక్క పెడదామనుకున్న, కని అందరు "కుక్క కరిస్తే సూది" అనే అన్నరు. అందుకే ఆ సూది గదికే ఇచ్చిన.

ఎక్స్‌రే కాడ ఎముకల చెయ్యి తీసేసి జింకను పెట్టిన. మూడు రెక్కల గుర్తు తీయొద్దని సాంకేతికాయన చెప్పిండు, అది నిబంధన. దాని పక్కన చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్న మనిషిని, మూసిన తలుపును గీసిన. "లోపలికి పోవద్దు, పిలిస్తేనే పోవాలె" అని చానా మంది చెప్పిండ్రు. ఎర్ర గీత కొట్టేసిన గుర్తు ముందుగాల పెడితే బడికి పోనోళ్ళకు అది తెలువలేదు, "ఎవరో గీత గీసిండ్రు" అన్నరు.

నేల మీద జింక అచ్చులు వేద్దామనుకుంటే ఒకాయన "బొమ్మను తొక్కిస్తవా?" అన్నడు. గోడకు నడుమంత ఎత్తుల పెట్టిన, పిల్లలకు కూడ అందుతది. మరుగుదొడ్డికి కొంగు బొమ్మ ఖాయం. ముద్రలు 9 చేయించిన, ఓపీ కౌంటర్ల పోయిన గురువారం నుంచి కొడుతున్నరు.

కాన్పుల వార్డు ఒక్కటే తెగలేదు. అక్కడ నెమలి పెట్టమని నర్సమ్మలు కోరిండ్రు. రంగుల్ల గీస్తే అందరు నెమలి అన్నరు. అదే నల్ల సిరతోని ముద్ర కొడితే చానా మంది కోడి అన్నరు. తోక విప్పి ఇంకోతీరు గీసిన, రూపాయి బిళ్ళంత సైజుల. ఆదివారం ఫొటో పెడుత. మందులచీటీ అక్కా, మీ షాపుకొచ్చే అవ్వలకు ఏం చెప్పకుంట చూపిచ్చి, వాళ్ళ నోట మొదలు ఏ పేరొస్తదో గదే రాయాలె.

మందులచీటీ

పెట్టన్నా. సోమవారం సంత, అవ్వలు బాగా వస్తారు.